లెక్కలు రాసిన ఆడోళ్లు

అక్కలారా! జమ్మలమడుగు దగ్గర ఉన్న గండికోట మీకు తెలిసిందే. ఒకప్పుడు ఆ కోట విజయనగర రాజుల ఏలుబడిలో ఉండేది. ఆ కాలంలో ఆడోళ్లు ఏమేం పనులు చేసేవాళ్లు? వంటా, పిల్లలూ, సేద్యమేనా?

కాదు. న్యూనిజ్ అనే గుర్రాల వ్యాపారి ఒక సంగతి రాసిపెట్టాడు. ఆయనది పోర్చుగల్ దేశం. సుమారు 1535లో విజయనగరంలో ఉన్నాడు. రాజుగారి నగరులో కుస్తీ పట్టే ఆడోళ్లు ఉన్నారని రాశాడు. లోపలి ఖర్చుల లెక్కలన్నీ ఆడోళ్లే రాసేవాళ్లట. రాజ్యం సంగతులు రాసే ఆడోళ్లు కూడా ఉండేవాళ్లట. వాళ్ల పుస్తకాలను బయటివాళ్ల పుస్తకాలతో సరిచూసేవాళ్లట.

చూశారా! దాదాపు ఐదు వందల ఏండ్ల కిందటే ఆడోళ్ల చేతిలో కలం ఉంది. కానీ ఆ లెక్కలు రాసినామె పేరేమి? న్యూనిజ్ రాయలేదు.

ఇంకో సంగతి. ఆ పోర్చుగీసు వాళ్లే 1510లో యుద్ధం చేసి గోవాను పట్టుకున్నారు. వాళ్ల నాయకుడు అల్బుకర్క్. ఓడిపోయినవాళ్ల ఇండ్ల ఆడోళ్లను క్రైస్తవ మతంలో కలిపి, తన సైనికులకిచ్చి పెండ్లిళ్లు చేయించాడు. ఆ సంగతి తన రాజుకు ఉత్తరం రాశాడు. చదివితే అదేదో మంచి పని అన్నట్టే ఉంటుంది. మరి ఆ పెండ్లి ఆ ఆడోళ్లకు ఇష్టమేనా? కష్టమేనా? గెలిచినవాడి ఉత్తరంలో ఓడినవాళ్ల మాట ఎట్లా ఉంటుంది?

అందుకే చరిత్ర వెదికేవాళ్లు ఏ పాత కాగితం చదివినా మూడు ప్రశ్నలు వేసుకుంటారు.

ఇది రాసింది ఎవరు?
ఎవరి కోసం రాశారు?
ఇందులో ఎవరి మాట లేదు?

ఈ ప్రశ్నలు మనమూ వేయొచ్చు. ఒక చేనేత ఇంట్లో మగ్గం నేసేది మగాయన అనుకుందాం. నూలు తోడి, కండెలు చుట్టి ఇచ్చేది ఆడమనిషి. పుస్తకంలో ఆయన పేరొక్కటే ఉంటే? నూరేండ్ల తర్వాత చదివేవాళ్లు ఏమనుకుంటారు? ఆ ఇంట్లో ఆడమనిషి పనే చేయలేదనుకుంటారు. చేలో కలుపు తీసినామె సంగతీ అంతే.

అక్కా, ఇప్పుడు నీకు రాయను వచ్చు. ఈ రోజు ఒక నోటుపుస్తకం తీసుకో. ముందు నీ పేరు రాయి. దాని కింద మీ అమ్మ పేరు, అవ్వ పేరు రాయి. వాళ్లు చేసిన పనులు రాయి. వాళ్ల సంగతి నీకంటే బాగా ఎవరు రాస్తారు?