సూది పట్టని ఇల్లాలు

బెంగుళూరు చిక్కపేట మెట్రో మెట్లెక్కి పైకొస్తే చెవిన పడే మాట కన్నడమో తెలుగో తేల్చుకోవడానికి కాస్త సమయం పడుతుంది. పట్టుచీర కొంగు పరిచి బేరం చెప్పే గుమాస్తా, మూట నెత్తిన పెట్టుకుని "జరగండి, జరగండి" అంటూ జనాన్ని తోసుకుపోయే హమాలీ, పొద్దున్నే అనంతపురం బస్సు దిగి సరుకు కోసం వచ్చిన చిల్లర వ్యాపారి... చాలామంది నోట మన మాటే. ఇక్కడికి నడిచిపోయేంత దూరంలో, కృష్ణరాజ మార్కెట్ దగ్గర విక్టోరియా ఆసుపత్రి ఉంది. 1900లో మొదలైన ఆ పెద్దాసుపత్రే ఈ పేటల కూలిజనానికి దిక్కు. పేటకీ ఆసుపత్రికీ మధ్య ఉన్న ఆ కాస్త దూరం దాటలేక ఆగిపోయేవాళ్ల గురించి రాస్తున్నాను. ముఖ్యంగా వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్ల గురించి.

ఎయిడ్స్ అనగానే తెలుగువాళ్లకి పులిరాజా గుర్తొస్తాడు. ఇరవయ్యేళ్ల కిందట గోడల మీద, హోర్డింగుల మీద "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని వేసిన ప్రశ్న ఊరూరా నలిగింది. కండోమ్ మాట నలుగురిలో ఎత్తే ధైర్యం ఆ ప్రచారం వల్లే వచ్చింది. మత్తు సూది సంగతి మాత్రం మన చెవికెక్కలేదు. అదేదో మణిపూర్ గొడవ, పంజాబు గొడవ అనుకున్నాం. 2019లో వెలువడిన ఢిల్లీ ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో సుమారు 8.5 లక్షల మంది మత్తును సూదితో ఎక్కించుకుంటున్నారు. వాళ్ల సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మూడూ ఉన్నాయి. హెరాయిన్ ఒక్కటే కాదు, నొప్పి మాత్రలూ నరాల్లోకి పోతున్నాయి. టపెంటడాల్ మాత్ర నూరి, నీళ్లలో కలిపి పొడుచుకునే కుర్రాళ్లను బెంగుళూరు డాక్టర్లు చూస్తున్నారు. మింగడానికి చేసిన మాత్ర అది. అందులోని పిండి నరాన్ని పాడుచేస్తుంది, ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది.

ఇక సిరంజి. పిడిని చివరిదాకా నొక్కినా సూది మొదట్లో చిన్న ఖాళీ మిగులుతుంది. సూది విడిగా ఊడొచ్చే రకంలో ఆ ఖాళీ ఎక్కువ, షుగరు ఉన్నవాళ్లు వాడే ఇన్సులిన్ సిరంజిలో నామమాత్రం. నరం దొరికిందో లేదో చూసుకోవడానికి పిడిని కొంచెం వెనక్కి లాగుతారు. మందులోకి ఎర్రగా ఒక తీగ సాగుతుంది. మందంతా లోపలికి పోయినా ఆ రక్తంలో కంటికి ఆననంత ఆ ఖాళీలో ఉండిపోతుంది. పక్కవాడు అదే సిరంజి అందుకుంటే అది నేరుగా అతని నరంలోకే పోతుంది. ప్రయోగశాలలో పరీక్షిస్తే సిరంజి లోపల హెచ్‌ఐవీ వారాల తరబడి, హెపటైటిస్ సి 63 రోజుల దాకా బతికాయి. హెపటైటిస్ సి మరీ మొండిది. సిరంజి ఎవరిది వాళ్లదే అయినా, మందు కలిపిన మూత, నీళ్లు, వడగట్టిన దూది పంచుకుంటే చాలు, అంటుకోగలదు.

ఇది ఎంత వేగంగా పాకుతుందో మణిపూర్ చూసింది. 1989 దాకా అక్కడ సూది వాడేవాళ్లలో హెచ్‌ఐవీ జాడే లేదు. ఏడాది తిరక్కుండా దాదాపు సగం మందిలో కనిపించింది. ఆ తర్వాత వంతు భార్యలది. హెచ్‌ఐవీ ఉండి సూది వాడే మగవాళ్ల భార్యలను అక్కడ పరీక్షించి 2000లో ప్రచురించిన పరిశీలనలో నూటికి 45 మందికి వైరస్ సోకి ఉంది. వాళ్లు సూది పట్టినవాళ్లు కాదు. మొగుడి జేబులో ఏముందో కూడా చాలామందికి తెలిసి ఉండదు. ఈ సంఖ్య దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

భర్తకు హెచ్‌ఐవీ ఉందని ఆమెకు ఎవరు చెప్పాలి? 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం దీని గురించి ఓపికగా ఆలోచించింది. ఒకరి ఫలితం ఇంకొకరికి చెప్పకూడదన్నది మూల సూత్రం. భర్తకు నచ్చజెప్పినా అతను చెప్పడని తేలి, ఆమెకు ముప్పు ఉందనిపిస్తే, ముందుగా అతనికి తెలియజేసి డాక్టరో కౌన్సెలరో ఆమెకు చెప్పవచ్చు. అదీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ధైర్యం చెప్పి. వైరస్ ఉన్నది ఆడమనిషికైతే, భర్తకు చెప్పడం వల్ల ఆమె మీద దెబ్బ పడుతుందన్న భయం ఉంటే, అతనికి చెప్పకూడదంది. కాగితం మీద ఇది మంచి చట్టమే. పది అడుగుల గదిలో అత్తమామలతో కలిసి బతికే మనిషికి ఆ కబురు చేర్చడం మాత్రం ఇప్పటికీ కౌన్సెలర్ నేర్పు మీదే ఆధారపడి ఉంది.

కబురు చేరితే చేయగలిగింది చాలా ఉంది. 2004 నుంచి హెచ్‌ఐవీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. రోజూ తప్పకుండా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే ఉంటే, కాపురం వల్ల భార్యకు సోకదు. ఈ భరోసా కాపురానికే, సిరంజి పంచుకోవడానికి వర్తించదు. హెపటైటిస్ సికి టీకా లేదు, కానీ చాలామందికి 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద అవీ ఉచితమే. హెపటైటిస్ బికి టీకా ఉంది, ఇంట్లో అందరూ వేయించుకోవచ్చు.

"కొత్త సిరంజులు మీరే ఇస్తే మత్తు మానతారా?" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పాలి. సిరంజి ఇవ్వకపోయినా మానరు, దొరికినదాన్నే పంచుకుంటారు. అందుకే ఆ హెచ్‌ఐవీ చట్టమే ఇలా సిరంజులు ఇవ్వడం నేరం కాదంది. మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వ కేంద్రాల్లో బుప్రెనార్ఫిన్ అనే మాత్ర ఇస్తారు. మత్తు కోసం ఒళ్లు పీకే బాధను అది ఆపుతుంది. కాకపోతే మామూలుగా రోజూ వచ్చి తీసుకోవాలి. మూట మోస్తే తప్ప పూట గడవని హమాలీకి ఆ గంటసేపు కూలిలో కోతే. పొద్దున్నే తెరిచే కేంద్రం, రాత్రి కూడా ఉండే కేంద్రం అతనికి మందుతో సమానం.

ఆ మాత్ర మింగేది కాదు. నాలుక కింద పెట్టుకుని, పూర్తిగా కరిగేదాకా అక్కడే కూర్చోవాలి. ఐదు నిమిషాలో, పది నిమిషాలో. నోట్లో మాత్ర ఉంది కాబట్టి అతను జవాబు చెప్పలేడు, వినగలడు. పని తెలిసిన కౌన్సెలర్ ఆ నిమిషాలను వృథా పోనివ్వరు. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి అడుగుతారు: "అన్నా, వదినను ఎప్పుడు తీసుకొస్తావు?"