ప్రోస్టేట్ ముక్క పరీక్షకు వెళ్ళే ముందు, వచ్చిన తరువాత



వయసు మళ్ళిన మగవారిలో మూత్రం ధార సన్నబడటం, రాత్రిపూట పలుమార్లు లేవవలసి రావటం తరచుగా చూస్తుంటాము. డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి "ముక్క తీసి చూడాలి" అనగానే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని ఎవరో అంటే నమ్మి, పరీక్షే మానుకునేవారూ ఉన్నారు. ఈ పరీక్ష వలన వ్యాధి అలా పాకటం అత్యంత అరుదు. మనం నిజంగా భయపడవలసినది పరీక్ష తరువాత వచ్చే చలిజ్వరానికి.

ఎందుకు చేస్తారు?

ప్రోస్టేట్ మగవారికి మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. రక్తంలో పి.ఎస్.ఎ. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటినా, వేలితో చూసినప్పుడు గ్రంథి గట్టిగా తగిలినా అనుమానిస్తారు. గ్రంథి మామూలుగా ఉబ్బినా, మూత్రంలో చీము ఉన్నా పి.ఎస్.ఎ. పెరుగుతుంది. కాబట్టి ఆ అంకె చూసి క్యాన్సరని తేల్చలేము. వీలున్న చోట ముందు ఎం.ఆర్.ఐ. స్కాన్ తీస్తారు. తేల్చి చెప్పేది మాత్రం ముక్క పరీక్షే. పాణ్యం వారు దీనికి నంద్యాలకో, కర్నూలుకో యూరాలజీ డాక్టరు వద్దకు వెళ్ళవలసి ఉంటుంది.

ముందుగా చెప్పవలసినవి

- వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. రక్తం పలచబడే మాత్రలను మీ అంతట మీరు ఆపవద్దు. గుండెకు స్టెంట్ వేసినవారు మరీ జాగ్రత్త. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి.
- షుగరు ఉన్నా, మందులు పడకపోయినా, ఈ మధ్య ఆసుపత్రిలో ఉన్నా, యాంటీబయాటిక్ వాడినా తెలియజేయండి.
- మూత్రంలో మంట, జ్వరం ఉంటే దాచవద్దు. అవి తగ్గాకే పరీక్ష చేస్తారు.

ఎలా చేస్తారు?

సాధారణంగా ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్ళు మడిపించి పడుకోబెడతారు. వేలెడు లావు స్కానింగ్ గొట్టాన్ని మలద్వారంలోకి పంపి, మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. సన్నని సూదితో దాదాపు 12 చోట్ల దారప్పోగు వంటి ముక్కలు తీస్తారు. ప్రతిసారీ "టక్" మని చప్పుడు వస్తుంది, ఉలిక్కిపడవద్దు. 15, 20 నిమిషాల్లో ముగుస్తుంది. కొన్నిచోట్ల మలద్వారానికి, వృషణాలకు మధ్యనున్న చర్మం గుండా సూది పంపుతారు. ఈ పద్ధతిలో చీము పట్టే భయం తక్కువ.

ఇంటికి వచ్చాక

మూత్రంలో, మలంలో కొద్దిగా రక్తం కొన్ని రోజులు కనిపించవచ్చు. వీర్యం ఎర్రగానో, తుప్పు రంగులోనో కొన్ని వారాలపాటు రావచ్చు. దానివలన భార్యకు హాని లేదు. ఇచ్చిన యాంటీబయాటిక్ పూర్తిగా వాడండి. డాక్టరు వద్దనకపోతే నీళ్ళు బాగా త్రాగండి. కొద్దిరోజులు బరువులు ఎత్తవద్దు.

ఆలస్యం చేయకూడనివి

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, వణుకు వచ్చినా, మూత్రం బిగిసిపోయినా, రక్తం గడ్డలుగా పడినా వెంటనే ఆసుపత్రికి రావాలి. ప్రేగులోని క్రిములు రక్తంలో చేరితే కొద్ది గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. ఇది కొద్దిమందికే జరుగుతుంది. అయినా ఊళ్ళో ఒక ఇంజెక్షన్ వేయించుకుని, తెల్లవారాక చూద్దామని పడుకోవద్దు. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి. ముక్క పరీక్ష జరిగిందని వచ్చినవారికి చెప్పి, చీటీ చూపించండి.

ఫలితం

రిపోర్టు రావటానికి వారం, పది రోజులు పట్టవచ్చు. క్యాన్సర్ ఉంటే అందులో గ్లీసన్ స్కోరు రాస్తారు. 6 అయితే నెమ్మదిగా పెరిగే రకం, చాలామందికి క్రమంగా పరీక్షిస్తూ ఉంటే సరిపోతుంది. 8 నుండి 10 అయితే త్వరగా వైద్యం మొదలుపెట్టాలి. క్యాన్సర్ లేదని వచ్చినా, డాక్టరు చెప్పిన గడువుకు మళ్ళీ పి.ఎస్.ఎ. చేయించుకోండి. రిపోర్టుకు వెళ్ళే రోజున కొడుకునో, కూతురినో, భార్యనో వెంట తీసుకువెళ్ళండి. ఒకరు మరచినది ఇంకొకరు గుర్తుంచుకుంటారు.