మీకు తెలుసా? వెంట్రుకకన్నా పలుచని కారు కవచం
కారు రంగుపై మెరిసే పారదర్శక పొర (క్లియర్ కోట్) మందం మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్లే. తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది.

ఇంట్లో మనం కొట్టుకునే స్ప్రే కోటింగ్ ఆ పొరకన్నా ఎన్నో రెట్లు పలుచన. అది కొడితే నీళ్లు నిలవకుండా జారిపోతాయి, దుమ్ము తేలిగ్గా వదులుతుంది. గీతలను మాత్రం అది ఆపలేదు.

మా కంబదూరు వైపు ఈ గీతల సంగతి మరీ ముఖ్యం. ఇక్కడి ఎర్రనేల గ్రానైట్ జాతి రాళ్లు శిథిలమై ఏర్పడింది. ఆషాఢం గాలులకు బానెట్ మీద పేరుకునే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. మోస్ కాఠిన్యమానంలో క్వార్ట్జ్‌ది 7, గాజును కూడా గీస్తుంది. ఆ దుమ్మును పొడిగుడ్డతో తుడిచారో, సన్నని గీతలు ఖాయం. తర్వాత ఎంత మంచి స్ప్రే కొట్టినా అవి పోవు.

అందుకే ముందు నీళ్లు ధారగా పోసి ఇసుకను జారనివ్వాలి, తర్వాతే షాంపూ. లవణాలున్న బోరు నీళ్లైతే ఎండకు ఆరి తెల్లమచ్చలు కట్టకముందే మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తీయాలి. స్ప్రే నీడలోనే కొట్టాలి, అదీ చెయ్యి ఆనిస్తే రేకు చల్లగా తగిలినప్పుడే. కాలిన రేకు మీద అది సమంగా పరుచుకోకముందే ఆరి చారలు కడుతుంది.