పనిబల్ల క్రింది పనిముట్ల బీరువాలు

గడచిన మృగశిర కార్తెలో మొదటి వాన కురిసిన మరునాడు మేము ఒక సభ్యుని పొలమునకు పోయితిమి. నేల మంచి పదునుమీద నున్నది. విత్తనము సిద్ధము, ట్రాక్టరు సిద్ధము. గొర్రు బిగించు బోల్టులు మాత్రము కనబడలేదు. గోనెసంచులు, పాతడబ్బాలు తలక్రిందులు చేసి వెదకునప్పటికి మధ్యాహ్నమయ్యెను. నాటి యెండకు పైపదును ఆరిపోయినది. మరల వాన పడువరకు ఆయన ఆకాశము చూచుచు కూర్చుండవలసి వచ్చెను. ఇట్టి యిబ్బంది మన చదువరులలో పలువురకు అనుభవమే. కావున ట్రాక్టరు కొట్టములో పనిబల్లయు, దానిక్రింద బీరువాలును అమర్చుకొను విధము నిచట వ్రాయుచున్నాము.

నిలుచుండి చేయి వ్రేలాడవేసినపుడు మణికట్టు ఎంత యెత్తున నుండునో బల్ల యంత యెత్తుండవలెను. మేము చేయించినది 34 అంగుళములు: రాతిదిమ్మ 4, బీరువా 28, పైపలక 2. బల్ల పొడవు 6 అడుగులు, వెడల్పు 2 అడుగులు. రెండు కొనలయందు రెండడుగుల వెడల్పుగల బీరువా లొక్కొక్కటి. నడుమ రెండడుగులు ఖాళీ. బీరువా లోతు 20 అంగుళములే చాలును. పైపలక ముందునకు 4 అంగుళములు పొడుచుకొని యుండనిచో వైసు బిగించుటకు చోటుండదు.

ఖర్చు తగ్గునని కొందరు నాలుగడుగుల బీరువా నొక్కదానినే చేయింతురు. ఇది మాకు సమ్మతము గాదు. అర పొడవు రెండింతలైనచో, నడుమ నుంచిన అదే బరువునకు వంగుట ఎనిమిదింతలగును. ఇనుపసామాను బరువు ఎట్టిదో రైతునకు చెప్పనక్కరలేదు.

పెట్టెకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు తగును. బి.డబ్ల్యు.ఆర్. అను ముద్ర గలదానినే కొనవలెను, ఎం.ఆర్. ముద్ర గలది గాలిలోని చెమ్మను ఓర్చునే గాని నీటికి తాళదు. జిగురు ఆరకమునుపే ఎదురుమూలల నడుమ దూరములు రెండును కొలువవలెను. అవి సమానమైనచో పెట్టె సరిగానున్నట్లు. కానిచో పొడవైన వైపు మూలలను లోనికి నొక్కి సరిచేయవలెను.

తలుపు విషయమున మేమే యొకసారి పొరబడితిమి. వైశాఖమాసపు టెండలలో వేపచెక్కతో, వెండ్రుక దూరనంత బిగువుగా తలుపులు చేయించి, వడ్రంగిని మెచ్చుకొంటిమి. శ్రావణమాసమున అవి ఉబ్బి బిగుసుకొనగా గునపముతో పెరికి తెరువవలసి వచ్చెను. కొయ్య పొడవున పెరుగదు. అడ్డమునకే ఉబ్బును, తగ్గును. అందుచే నీడను ఆరిన టేకుచేవతో చట్రము చేసి, లోపలి పలకను గాడిలో జిగురు లేకుండ నిలుపవలెను. తలుపు చుట్టును రూపాయిబిళ్ల దూరునంత సందు విడువవలెను. లోతైన సొరుగులును మాకు అచ్చిరాలేదు; అడుగునబడిన వస్తువు లేనిదానితో సమానమే. నాలుగంగుళముల సొరుగులు మేలు. బోల్టులు, నాజిళ్లు, రబ్బరు వలయములు వేరువేరు గదులలో నుంచుడు.

చెదలు గోడవెంట వచ్చును గనుక బల్లను గోడకు మూడంగుళములు ఎడముగా నుంచవలెను. వెనుకకు తొంగిచూచినచో మట్టిదారులు వెంటనే కనబడును. చెక్కకు అవిసెనూనె పూసిన పేలికలను ముద్దగా చుట్టి మూల పడవేయరాదు. అవి తమంతట వేడెక్కి అంటుకొనవచ్చును. ఆరుబయట విడివిడిగా పరచి ఆరవేయుడు.

ఇక పురుగుమందులు. బీరువాలో చోటున్నది గదాయని వానిని పనిముట్లతో చేర్చుట మేము చాల యిండ్లలో చూచితిమి. పిల్లవాడు బంతి బాగుచేసికొనుటకు పట్టకారు వెదకుచు తెరచునది ఆ తలుపే. మందులకు వేరుగా, ఇంటికి దూరముగా, గాలి పారుచోట తాళముగల పెట్టె యుండవలెను. మందును వచ్చిన డబ్బాలోనే యుంచవలెను. పానీయపు సీసాలలో పోయరాదు. పోసినచో డబ్బాపైనున్న రంగు త్రికోణపు గుర్తు, విషమునకు విరుగుడు వ్రాసిన చీటి రెండును పోవును. ఎఱ్ఱ త్రికోణము గలది మిక్కిలి తీవ్రమైన విషము. తాళపుచెవి పనిబల్ల సొరుగులో నుంచరాదు.