మీకు తెలుసా? కార్పెట్ కింది నల్ల జిగురును గీకకూడదు!

అమెరికాలో కాంక్రీట్ స్లాబ్ మీద కట్టిన పాత ఇళ్లలో, బేస్‌మెంట్లలో కార్పెట్‌ను నేరుగా గచ్చుకే అంటించేవారు. అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు టైల్స్ వేయించుకోవాలంటే ముందు దాన్ని వదిలించుకోవాలి. కత్తితో పట్టీలుగా కోసి లాగితే పైది ఊడి వస్తుంది. అడుగున అతుక్కున్న రబ్బరు నురుగు, జిగురు మాత్రం ఓ పట్టాన వదలవు. వాటి పని పట్టేముందు ఇవి తెలుసుకోండి.

• పసుపు జిగురు చాలావరకు లేటెక్స్‌తో చేసింది. వేడినీళ్లు పోసి కాసేపు నాననిస్తే మెత్తబడుతుంది. పొడవాటి పిడి ఉన్న స్క్రేపర్‌తో గీకేయవచ్చు.

• నల్ల జిగురు తారుతో చేసింది. 1980లకు ముందు వేసినదైతే అందులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. మన ఊళ్లలో సిమెంటు రేకుల్లో కలిపేదీ ఇదే. గీకినా, అరగదీసినా కంటికి కనిపించని పోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో చేరతాయి. జబ్బు బయటపడడానికి 20 ఏళ్లు, అంతకుమించీ పట్టవచ్చు. కార్పెట్ కింద 9 అంగుళాల చదరపు పలకలు కనిపించినా ఇదే అనుమానం పెట్టుకోవాలి. రంగు చూసి అనుమానించగలం కానీ తేల్చాల్సింది ల్యాబే. పాత ఇల్లయితే జిగురు ఏ రంగులో ఉన్నా ముందు పరీక్ష చేయించండి. ఆస్‌బెస్టాస్ ఉందని తేలితే లైసెన్సు ఉన్నవాళ్లకే పని అప్పగించాలి.

• గట్టిపడిన జిగురుకు గ్రైండర్ పెడితే కాంక్రీట్ కూడా అరిగి సిలికా ధూళి లేస్తుంది. పనిచేసే చోట ఈ ధూళి క్యూబిక్ మీటరు గాలిలో సగటున 50 మైక్రోగ్రాములు దాటకూడదన్నది అమెరికా కార్మిక భద్రతా నిబంధన. మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు. ధూళిని పీల్చేసే వాక్యూమ్, ముఖానికి సరిగ్గా అమరే రెస్పిరేటర్ ఉండాలి.

• బాత్రూమ్ కడిగే యాసిడ్ జిగురును కరిగించదు, సిమెంటునే తినేస్తుంది. పెట్రోలు జోలికి అసలే పోవద్దు. దాని ఆవిరి గాలికన్నా బరువైనది కావడంతో బేస్‌మెంట్ నేలనే పేరుకుంటుంది. అక్కడి గ్యాస్ హీటర్‌లో వెలిగే చిన్న మంట చాలు, అంటుకోవడానికి.

• జిగురు కరిగించడానికి ఒకప్పుడు మిథిలీన్ క్లోరైడ్ బాగా వాడేవారు. మూసిన గదుల్లో దీని ఆవిరి పీల్చి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. అందుకే ఇళ్లలో వాడడానికి దీన్ని అమ్మకూడదని అమెరికా పర్యావరణ సంస్థ 2024లో నిబంధన తెచ్చింది. నారింజ తొక్కల నూనెతో, సోయాతో చేసిన ద్రవాలు దీనికన్నా నయం. కానీ వాటి జిడ్డు కాంక్రీట్ రంధ్రాల్లో నిలిచిపోతే కొత్త టైల్స్ పట్టు నిలవదు.

• గచ్చు శుభ్రపడిందో లేదో నీటిచుక్కతో తేల్చుకోవచ్చు. ఆరిన గచ్చు మీద నాలుగైదు చోట్ల చుక్కలు వేయండి. గచ్చు ముదురు రంగుకు తిరిగి నీటిని పీల్చుకుంటే సరే. చుక్క పూసలా నిలబడిందంటే జిగురో జిడ్డో ఇంకా ఉన్నట్టే. ఆ చోటు మళ్లీ శుభ్రం చేశాకే టైల్స్ మేస్త్రీని పిలవండి.