పెన్నేటి ఇసుకలో ఒక పాట

నందికొండల్లో పుట్టిన పెన్న హిందూపురం దగ్గర తెలుగునేల మీద అడుగుపెడుతుంది. ఏరు అనడమే గాని ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. నీళ్ళే లేనిచోట కవిత్వమెక్కడిదని తెలుగు పాఠాలు చెప్పే నన్ను చాలామంది అడిగారు.

ఈ నేల శోకానికి రెండు గొంతులున్నాయి. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులు పెనుకొండకు తరలివచ్చారు. ఆ వైభవమూ పోయి మిగిలిన కోటను చూసి పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్న వయసులోనే ‘పెనుగొండ లక్ష్మి’ వ్రాశారు. తరువాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆయనకు పాఠ్యగ్రంథం ఆ కావ్యమే!

అది రాళ్ళ కన్నీరు. మనుషుల కన్నీరు వ్రాసినవారు అదే అనంతపురం సీమలో, తరిమెలలో, 1915లో పుట్టిన విద్వాన్ విశ్వం. సంస్కృతం క్షుణ్ణంగా చదివిన పండితుడు. అయినా స్వాతంత్ర్యోద్యమంలో దిగి జైలుకు వెళ్ళారు. గరిమెళ్ళ సత్యనారాయణ పాట వ్రాసి జైలుకు పోయారు. విశ్వం జైలుకు పోయివచ్చి పాట వ్రాశారు. అదే 1956 నాటి ‘పెన్నేటి పాట’.

అందులో కథ జైలుది కాదు. బతికి చెడిన ఇంట పుట్టి కూలికి పోయే రంగన్న, అతని ఇల్లాలు గంగమ్మ, వాళ్ళ ఆకలి, అంతే. కాని చదువుతుంటే నాకనిపిస్తుంది: ఖైదీకి విడుదల తేదీ ఉంటుంది, ఈ దంపతులకు అదీ లేదు. వాన రాకపోవడం దైవికమనుకుందాం. ఒకరి గాదెలో గింజలుండగా పక్కవారి కడుపు కాలడం మాత్రం మనుషులు చేసిందే గదా?

ఈ పాఠం చెప్పిన రోజున ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల ఒకతె లేచింది. “మా నాయన పెండ్లి పట్టుచీరలు నేస్తాడు సార్. మాయమ్మకు ఒక్కటి గూడా లేదు. ఇది పద్యానికి పనికొస్తాదా?” అని అడిగింది. తరగతిలో ఎవరూ నవ్వలేదు.

“పద్యానికి అంతకంటె ఏం కావాలమ్మా, వ్రాయి” అన్నాను.

పెనుకొండ, ధర్మవరం, హిందూపురం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారినా మబ్బుకోసం మొగమెత్తి చూసే రైతు మారలేదు, బతుకుతెరువుకు బెంగుళూరు బండెక్కేవారూ తగ్గలేదు. అందుకే విశ్వం పాట పాతబడలేదు. అది పాతబడే రోజు రావాలని కోరుకోవడమే ఆ కవికి మనమిచ్చే గౌరవం. అంతవరకు ఇంట్లో పిల్లలచేత ఒకసారి పైకి చదివించండి. పెద్దలూ దగ్గర కూర్చుని వినండి.