కె.సి. కెనాల్: తప్పు కంపెనీది, నష్టం ఎవరిది?

చరిత్రలో పెద్ద తప్పులు అనగానే మనకు బళ్లో చెప్పిన కథలు కొన్ని గుర్తుకొస్తాయి. తుగ్లక్ రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాదుకు మార్చాడు. 1812లో నెపోలియన్ రష్యా మీదికి దండెత్తి లక్షల సైన్యాన్ని పోగొట్టుకున్నాడు. ఈ కథలన్నిట్లో తప్పు చేసేది ఒక గొప్పవాడు, ఓడిపోయేదీ ఆ గొప్పవాడే. ఢిల్లీ నుంచి నడిచిపోయిన మనుషులకు ఏమైంది, మంచులో పడిపోయిన సిపాయి ఏ ఊరివాడు అనే ప్రశ్న వచ్చేసరికి పాఠం అయిపోతుంది.

మేము ఇక్కడ చెప్పదల్చుకున్నది నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో మన కళ్ల ముందే పారుతున్న ఒక తప్పు గురించి. అదే కర్నూలు-కడప కాలువ. అందరూ కె.సి. కెనాల్ అనే పిలుస్తారు. నీటిపారుదల చరిత్ర రాసినవాళ్లు దీన్ని బ్రిటిష్ కాలపు పెద్ద ఆర్థిక వైఫల్యాల్లో ఒకటిగా లెక్కగడతారు. ఆ లెక్కలో కంపెనీ ఉంది, ఖజానా ఉంది, రైతు కూడా కొంత ఉన్నాడు. మాలపల్లె, మాదిగవాడ మాత్రం లేవు. వాటిని కూడా కలిపితే లెక్క ఎట్లా మారుతుందో చూడటమే ఈ వ్యాసం పని.

ఎవరు తవ్వించారు?

ఈ కాలువను డచ్చివాళ్లు తవ్వించారని మా ప్రాంతంలో చాలామంది చెప్తారు. కొన్ని రాతల్లో కూడా ఆ మాట కనిపిస్తుంది. అది సరి కాదు. తవ్వించింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఇది లండన్ పెట్టుబడితో పుట్టిన ఇంగ్లీషు కంపెనీ. దీని వెనక ఉన్న ఆలోచన ఆర్థర్ కాటన్‌ది. 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి గోదావరి డెల్టాను మార్చిన కాటనే. డెల్టాలో ఆనకట్టకు పెట్టిన ఖర్చు ప్రభుత్వానికి లాభంతో తిరిగొచ్చింది. ఆ లాభం చూసి, దేశమంతా కాలువలతో కలిపేస్తే సేద్యానికి సేద్యం, పడవల రవాణాకు రవాణా, రైళ్ల కంటే చవక అని కాటన్ వాదించాడు.

ఆ వాదంలోంచి వచ్చిందే తుంగభద్ర పథకం. మొదట అనుకున్నది చాలా పెద్దది. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కృష్ణపట్నం దగ్గర సముద్రం దాకా పడవలు నడిచే కాలువ తియ్యాలని పథకం. చివరికి తవ్వింది కడప దాకా, సుమారు 190 మైళ్లు. 1863లో పని మొదలై 1870 ప్రాంతంలో ముగిసింది. కర్నూలు దగ్గర హంద్రీ నది మీద తొట్టి కట్టి కాలువను దాటించారు. మిట్టకందాల దగ్గర కొండను కోసి నీళ్లను కుందూ లోయలోకి దింపారు. అక్కడి నుంచి వాగుల్నీ, కుందూ నదినీ కూడా కాలువలో భాగంగా వాడుకుంటూ, సంతజూటూరు, రాజోలి దగ్గర ఆనకట్టలు కట్టి పెన్న వైపు తీసుకుపోయారు. ఇంజనీరింగు పనిగా చూస్తే ఇది చిన్న విషయం కాదు.

నూటికి 5 హామీ

కంపెనీ మూలధనం 10 లక్షల పౌన్లు, అంటే ఆనాటి లెక్కలో సుమారు కోటి రూపాయలు. ఆ సొమ్ము మీద ఏటా నూటికి 5 వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువకు ఆదాయం వస్తే అందులోంచి ఇస్తారు. రాకపోతే భారతదేశపు పన్నుల్లోంచి ఇస్తారు. కాలువలో నీళ్లు పారినా పారకపోయినా, లండన్‌లో వాటాదారుకు ఏడాదికి 50 వేల పౌన్లు చేరాల్సిందే. రైళ్లకు కూడా అప్పట్లో ఇదే పద్ధతి.

నష్టం వస్తే తనది కాదు అని తెలిసినవాడు లెక్క జాగ్రత్తగా వెయ్యడు. ఇది మన ఊళ్లో షావుకారుకు కూడా తెలిసిన సంగతే. ఖర్చు అంచనాలు దాటింది. 1860ల మధ్యకే మూలధనం కరిగిపోయింది. ప్రభుత్వం ఇంకో 6 లక్షల పౌన్లు అప్పుగా ఇచ్చి పని ముగించింది. కాలువ తయారైన తర్వాత కూడా వడ్డీకి సరిపడా రాబడి లేదు. ఆఖరికి 1882లో ప్రభుత్వమే సుమారు 3 కోట్ల రూపాయలు పెట్టి కంపెనీ నుంచి కాలువను కొనేసింది. ఒరిస్సాలో ఇట్లాంటిదే ఇంకో కంపెనీ అంతకుముందే చేతులెత్తేసింది, దాన్నీ ప్రభుత్వమే కొన్నది. తర్వాత మన దేశంలో పెద్ద నీటిపారుదల పనుల్ని ప్రైవేటు కంపెనీల చేతికి ఇవ్వడం దాదాపు ఆగిపోయింది.

రేగడి చెప్పిన సంగతి

ఎందుకు ఓడిపోయింది? డెల్టా లెక్కను తెచ్చి రేగడి నేల మీద వేశారు కాబట్టి.

గోదావరి డెల్టా ఒండ్రు నేల. వాలు కొద్దిగా ఉంటుంది. వరి పండించే అలవాటు ముందు నుంచీ ఉంది. కుందూ లోయ అట్లా కాదు. నంద్యాల, కోవెలకుంట్ల, అప్పటి సిరివెళ్ల తాలూకాలోని ఆళ్లగడ్డ వైపు ఎక్కువగా నల్లరేగడి. వాన పడితే తేమను నెలల తరబడి పట్టి ఉంచుతుంది. జొన్న, కొర్ర, పత్తి ఆ తేమతోనే పండుతాయి. మామూలు వానలున్న ఏడాది రైతుకు కాలువతో అవసరం లేదు. రేగడిలో నీళ్లు నిలిపితే చేను చవుడు తేలుతుందని, దున్నడానికి లొంగదని భయం కూడా ఉంది. మడి కట్టాలంటే నేల చదును చెయ్యాలి, ఎద్దులు కావాలి, కూలీలు కావాలి, పైగా నీటి తీరువా కట్టాలి. కొత్తలో గట్లు తెగడం, నీళ్లు ఊటగా పోవడం కూడా ఉండేది. ఇంత చేసి జొన్న వదిలి వరి వెయ్యడం దేనికని రైతు నీళ్లు అడగలేదు.

ఇంకో సంగతి. సుంకేసులది ఆనకట్టే గాని జలాశయం కాదు. నదిలో వరద ఉన్నప్పుడే కాలువకు నీళ్లు. ఎండాకాలం తుంగభద్ర ఎండితే కాలువా ఎండుతుంది. పడవల సంగతి ఇంకా అన్యాయం. సముద్రం దాకా పోని కాలువలో సరుకు ఎక్కడికి పోతుంది? గుంతకల్లు-బెజవాడ రైలు నంద్యాల మీదుగా వచ్చాక ఉన్న కాస్త రవాణా కూడా తగ్గిపోయింది. 1930లలో పడవలు పూర్తిగా ఆగిపోయాయి.

రైతులు మూర్ఖులు, మంచి చెప్తే వినరు అని ఆనాటి దొరలు కొందరు అనుకున్నారు. నిజానికి నేల సంగతి తెలిసింది రైతుకే. అయితే ఒక్క రైతుకే కాదు. ఆ రేగడిని గుంటక తోలి, కలుపు తీసి, పత్తి ఏరి ఎరిగిన కూలీలకు కూడా తెలుసు. రాయలసీమ చెరువుల కింద నీళ్లు వంతుల వారీగా మళ్లించే నీరుగంటి పని ఎక్కువగా మాల, మాదిగల చేతుల్లోనే ఉండేది. ఏ తూము ఎప్పుడు తియ్యాలో, ఏ కయ్యకు ఎంతసేపు పెట్టాలో వాళ్లకు తెలుసు. నీళ్ల చదువు ఉన్న ఆ మనిషికి ఆ నీళ్ల కింద సొంత మడి ఉండటం మాత్రం అరుదు.

ధాత కరువు

కాలువ ముగిసి ఐదారేళ్లయినా కాకముందే 1876లో వానలు తప్పాయి. ధాత నామ సంవత్సరం కాబట్టి రాయలసీమలో దాన్ని ధాత కరువు అంటారు. 1878 దాకా నడిచింది. కర్నూలు జిల్లా బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. 1871 జనాభా లెక్కల్లో జిల్లాలో 9 లక్షల 14 వేల మంది ఉన్నారు. 1881కి 6 లక్షల 78 వేలకు పడిపోయింది. పదేళ్లలో నలుగురిలో ఒకరు లేరు. చచ్చినవాళ్లు, పుట్టనివాళ్లు, ఊరు విడిచి పోయినవాళ్లు, అందరూ ఈ అంకెలో ఉన్నారు.

ఆ కరువులో కాలువ కింద నీళ్లు అడిగిన రైతులు పెరిగారు. ఆ నీళ్ల వల్ల కొన్ని ఊళ్లలో పంట చేతికొచ్చింది. కాలువ వృథా కాలేదని కాటన్ పక్షం చూపించిన సాక్ష్యం ఇదే. అది అబద్ధం కాదు. కాకపోతే పండిన గింజ ఎవరి గాదెలోకి పోయిందన్నదే మా ప్రశ్న. కరువులో ముందు పోయేది పొలం పని. పని లేకపోతే కూలి లేదు, కూలి లేకపోతే పక్క ఊళ్లో ధాన్యం ఉన్నా కొనలేరు. అప్పటి కరువు రాతలన్నీ ముందుగా కూలిపోయింది భూమి లేని కూలీలు, నేతపనివాళ్లు అనే చెప్తాయి. ధాన్యం ఎగుమతిని ప్రభుత్వం ఆపలేదు. వైస్రాయ్ లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను మహారాణిగా చాటించాడు. అదే నెలలో ఆయన పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాష్ట్రానికి వచ్చాడు. ఖర్చు తగ్గించడమే ఆయన పని. కరువు పనుల్లో రాళ్లు కొట్టేవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, మీద కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. పౌను అంటే అర్ధకిలో కూడా కాదు. ఇంత తిండితో ఇంత పని చేస్తే మనిషి బతకడని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి డాక్టర్ కార్నిష్ వాదించాడు. ఆ ఏడాదే కూలిని కొంత పెంచక తప్పలేదు. అప్పటికి ఎన్నో ప్రాణాలు పోయాయి.

రాళ్లు కొట్టే కూలికి తిండి తగ్గించి పొదుపు చేసిన ఆ నెలల్లో కూడా, కాలువ కంపెనీ వాటాదార్లకు నూటికి 5 వడ్డీ మాత్రం హామీగానే ఉంది.

ఆ వడ్డీ వచ్చే ఖజానాలోకి డబ్బు ఎక్కడిది? భూమి శిస్తు ఒకటి. ఇంకోటి ఉప్పు. 1877 చివర్లో, కరువు ఇంకా పోకముందే, మద్రాసు, బొంబాయి రాష్ట్రాల్లో ఉప్పు సుంకం పెంచారు. శిస్తు భూమి ఉన్నవాడు కడతాడు. గంజిలో వేసుకునే ఉప్పు మీద సుంకం సెంటు భూమి లేనివాడు కూడా కడతాడు. కాలువ చుక్క తన చేలోకి రాని మనిషి, అసలు చేనే లేని మనిషి, ఆ కాలువ నష్టంలో తన వాటా ఉప్పు రూపంలో కట్టాడు. కంపెనీ తప్పు చరిత్రలో ఈ వాక్యం ఎక్కడా రాసి ఉండదు.

తప్పు లాభంగా మారాక

ఈ రోజు కె.సి. కెనాల్ కింద 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు ఉంది. బచావత్ ట్రిబ్యునల్ దీనికి 39.9 టి.ఎం.సి.లు కేటాయించింది. పైన తుంగభద్ర డ్యాం వచ్చింది, సుంకేసుల పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజి వచ్చింది. ఒకప్పుడు నీళ్లు వద్దన్న రేగడిలోనే ఇవాళ కర్నూలు సోనా బియ్యం పండుతుంది. లండన్ కంపెనీకి నష్టమైన కాలువ రెండు మూడు తరాల తర్వాత మన జిల్లాకు ఆస్తి అయింది. కాబట్టి కాలువ తవ్వడమే తప్పు అని మేము అనడం లేదు.

ఆస్తి అయ్యాక అది ఎవరి ఆస్తి అయింది అన్నదే చూడాలి. కాలువ గట్టు పక్కన ఎవరి పేరున పట్టా ఉందో వాళ్ల చేను తరి అయింది, విలువ పెరిగింది. పిల్లలకు చదువులు, ఊళ్లో కాంట్రాక్టులు, రాజకీయం దాని వెంటే వచ్చాయి. పట్టాలు ఎక్కువగా ఎవరివో చెప్పనక్కర్లేదు. దళితులకు డి.కె.టి. పట్టాలు ఇచ్చే రోజు వచ్చేసరికి పంచడానికి మిగిలిన బంజర్లు ఎక్కువగా నీళ్లెక్కని గట్ల మీదివే. వాడ నుంచి కాలువ కిందికి పోయింది నాట్లకు, కలుపుకు, కోతలకు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఈ రెండూ కృష్ణా కాలువల కింది ఊళ్లే. కాలువ నీళ్లు సంపదను పెంచుతాయి గాని, పాత కులం పట్టును వాటంతటవే తగ్గించవని ఆ రెండు ఊళ్లు చూపించాయి.

అంబేద్కర్ 1942-46 మధ్య వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు దామోదర్, మహానది పథకాల పని చూశాడు. నీళ్ల పనిని కంపెనీ లాభానికి వదలకుండా ప్రభుత్వ బాధ్యతగా చెయ్యాలన్నది ఆ కాలపు ఆలోచన. అది మంచి మలుపే. కానీ నీళ్లతో పాటు భూమి పంచకపోతే బాధ్యత సగంలోనే ఆగుతుంది. 1997లో మన రాష్ట్రంలో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చింది. కాలువ నిర్వహణ రైతులకే అప్పగించారు. ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి ఉన్నవాడికి. నాటు వేసే ఆడమనిషికీ, కాలువ పూడిక తీసే కూలికీ ఆ సంఘంలో మాట లేదు. 1863లో లెక్క వాటా ఉన్నవాడిని చూసి వేశారు, 1997లో పట్టా ఉన్నవాడిని చూసి వేశారు.

మా ఇళ్లలో కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం మేము. కంపెనీల చరిత్ర, ఇంజనీర్ల చరిత్ర చదివాం. వాటిలో మనవాళ్లు కనపడకపోవడం ఆ రాసినవాళ్ల పొరపాటు ఒక్కటే కాదు. మనం అడగని ప్రశ్న కూడా అందులో ఉంది. కాలువకు మట్టి మోసిన ఒడ్డెర్లు, కరువు పనుల్లో రాళ్లు కొట్టిన మాల మాదిగలు, ఊరు విడిచిపోయి తిరిగిరాని కుటుంబాలు, వీళ్ల సంగతి జిల్లా గెజిటీర్లో కన్నా పల్లెల్లో పెద్దవాళ్ల నోట్లో, పాత అడంగల్లో, డి.కె.టి. రిజిస్టర్లలో దొరికే అవకాశం ఎక్కువ. నంద్యాల 2022లో జిల్లా అయింది. కొత్త జిల్లా చరిత్ర ఎవరో ఒకరు రాస్తారు. అందులో కె.సి. కెనాల్ పేజీ దగ్గర, ఆయకట్టు ఎకరాలతో పాటు ఆ ఎకరాల్లో దళితుల పేరున ఎన్ని ఉన్నాయో ఊరూరా లెక్క తీసి పెట్టాలి. ఆ పని మనమే మొదలుపెట్టాలి.